రీడింగ్ హాల్లో సగం మూసి అధ్యాపకుల ఘనతల గ్యాలరీ పెట్టడం సబబేనా?

పెన్నా ఒడ్డు:
నేను పీజీ రెండో సంవత్సరం. యూనివర్సిటీ పేరు రాయను. మా లైబ్రరీ రీడింగ్ హాల్లో కిటికీల వైపు సగాన్ని ప్లైవుడ్ పార్టిషన్ కట్టి విడదీశారు. నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల కోసం, వారం రోజులే అన్నారు. లోపల అద్దాల అల్మరాలు పెట్టి మా సార్లు వేసిన రీసెర్చ్ పేపర్లు, పుస్తకాలు, శాలువా కప్పించుకున్న ఫొటోలు సర్దారు. వారోత్సవాలు అయిపోయాయి. పార్టిషన్ అట్లాగే ఉంది. కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు వచ్చిపోయే దాకా తీయరట.

ఆ వైపు పొడుగాటి టేకు బల్లలు రెండు ఉండేవి. మోచేతులు ఆనించీ ఆనించీ అంచులు నున్నగా అయిపోయిన బల్లలు. ల్యాప్‌టాప్ పెట్టుకునే ప్లగ్గులున్నదీ ఆ గోడకే. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి వింజమూరు వైపు నుంచి బస్సులో వస్తుంది. ఎనిమిదికి దిగుతుంది, క్లాసు పదింటికి. ఇంట్లో చదువుకోను చోటు లేదు. ఆమెకు దక్కేది ఆ రెండు గంటలే. నిన్న చూస్తే లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని నోట్సు రాసుకుంటోంది. గ్యాలరీ వద్దని నేననడం లేదు. చదువుకునే చోటే ఎందుకు కావాల్సివచ్చింది?

పొదిలి మాస్టారు:
నాయనా, 31 ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నా మొదటి పేపరు 1989లో వేశాను. మూడు కార్బన్లు పెట్టి టైపు కొట్టించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపితే ఏడాదిన్నరకు అచ్చయి వచ్చింది. స్టాఫ్‌రూములో బల్ల మీద పెట్టాను. ఒక్కరూ తిరగేయలేదు. మూడో రోజు చూస్తే దాని మీద టీ గ్లాసు మరక గుండ్రంగా పడి ఉంది. ఆ ప్రతి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఇవాళ ఒక కుర్ర అధ్యాపకుడి పనిని అద్దంలో పెట్టి చూపిస్తుంటే నాకు కడుపు నిండినట్టుంది.

ఇంకో మాట. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. మూడేళ్లకు కేంద్రం 6,000 కోట్లు కేటాయించింది. జర్నళ్ల ర్యాకులు పెట్టే చోటు మిగిలినట్టే కదా? మా రోజుల్లో న్యాక్ వాళ్లు ఏడు అంశాలు చూసేవారు. మూడోది పరిశోధన, నాలుగోదాంట్లో లైబ్రరీ. గ్రేడు బాగా వస్తే మేలు మీకే.

కావలి ప్యాసింజర్:
ఆ గ్యాలరీ గుమ్మానికి కట్టిన ఫ్లెక్సీ ఎవరైనా చదివారా? ‘స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ అవార్డు గ్రహీత’ అని ఉంది. అది అవార్డు కాదు. స్టాన్‌ఫర్డ్‌లో అయొనిడిస్ అనే ప్రొఫెసర్ బృందం స్కోపస్ అనే పరిశోధన పేపర్ల డేటాబేస్ లెక్కలు తీసుకుని ఏటా వేసే టాప్ 2 శాతం శాస్త్రవేత్తల జాబితా. అందులో కూడా రెండు రకాలు. కెరీర్ మొత్తానిది ఒకటి, ఆ ఒక్క ఏడాదిది ఇంకొకటి. ఎందులో పేరుందో రాయాలి.

దర్శి తమ్ముడు:
అన్నా, బల్లల సంగతి కదా అడిగింది.

కావలి ప్యాసింజర్:
తమ్ముడూ, లైబ్రరీ గుమ్మంలోనే తప్పు రాసి పెడితే లోపల ఏం చదివి ఏం లాభం? జాబితాలో పేరు రావడం చిన్న విషయం కాదు, ఆ సారంటే నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే అడుగుతున్నాను. ఫ్లెక్సీ మార్చాలి.

కందుకూరు అక్క:
బల్లలు పోయినందుకు మీకు ఇంత బాధగా ఉంటే, మమ్మల్ని ఎప్పుడో గేటు దగ్గరే ఆపేశారు. నేను అక్కడే పీజీ చేసి బయటికొచ్చాను. గ్రూప్-2కు చదువుకుంటున్నాను. పాత ఐడీ కార్డు చూపించినా ‘పాసైపోయారుగా’ అని గేట్ రిజిస్టర్ మూసేస్తారు. నో డ్యూస్ కాయితం మీద సంతకం పెట్టిన రోజు నుంచీ నేను పరాయిదాన్నే.

పొదిలి మాస్టారు:
అమ్మా, నీకు జిల్లా గ్రంథాలయం ఉంది కదా. 1960 చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. యూనివర్సిటీ లైబ్రరీ పరిశోధనకు, అందులో చేరిన విద్యార్థులకు.

కందుకూరు అక్క:
సెస్సు కడుతున్నాం మాస్టారూ. మా శాఖా గ్రంథాలయం పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు. మధ్యలో నేను బస్టాండులో కూర్చుని చదువుకోవాలా?

చీరాల మగ్గం:
మన ప్రకాశం జిల్లాలోని వేటపాలెంలో 1918లోనే సారస్వత నికేతనం పెట్టారు. 1929లో గాంధీగారు వచ్చి పునాదిరాయి వేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే ఉంది. ఊరివాళ్లు పూనుకుని నిలబెట్టుకున్న లైబ్రరీ అది.

దర్శి తమ్ముడు:
వేటపాలెం ఇప్పుడు బాపట్ల జిల్లా అన్నా.

చీరాల మగ్గం:
2022 నుంచి. అంతకుముందు మనదే. నేను చెప్పేది జిల్లా గురించి కాదు.

కోవూరు కాలువ:
అల్మరాల తాళాలు ఎవరి దగ్గరున్నాయో ఎవరైనా అడిగారా? లైబ్రేరియన్ దగ్గర లేవు. అద్దం లోపల పెట్టిన పేపరు తీసి చదువుదామంటే ఎవరినడగాలి?

పెన్నా ఒడ్డు:
నిజమే, తాళం వేసే ఉంటుంది. మొదటి పేజీ మాత్రం కనబడుతుంది.

పొదిలి మాస్టారు:
చదవాలంటే ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. తాళం వేయకపోతే రెండు రోజుల్లో ఖాళీ అవుతాయి. గ్రంథాలయ శాస్త్రంలో పెద్దాయన రంగనాథన్ గారు 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యారు. అప్పుడు మన నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అంతటి మనిషి కూడా లైబ్రరీలో క్రమశిక్షణ వద్దనలేదు.

కోవూరు కాలువ:
ఆయన 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికి అని. తాళం వేసుకోవడానికి అని కాదు మాస్టారూ. పదేపదే అడుగుతున్నాను, ఆ తాళాలు ఎవరి దగ్గరున్నాయి?

పొదిలి మాస్టారు:
తాళం తాళం అని ఒకటే పట్టు పట్టారు. పక్కవాడి పని అద్దంలో కనబడితే కొందరికి కళ్లు మండుతాయి. ముందు మీరు ఒక పేపరు వేసి చూపించండి, తర్వాత తాళం గురించి మాట్లాడదాం.

కందుకూరు అక్క:
మాస్టారూ, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

కోవూరు కాలువ:
వేశాను సార్. ఆ అల్మరాలోనే ఉంది. రెండో అర, ఎడమ నుంచి మూడోది.

నేను అక్కడ గెస్ట్ ఫ్యాకల్టీని. ఆరేళ్లయింది. పీరియడ్ లెక్కన డబ్బులు, వేసవిలో అవీ లేవు. ఆ పేపరు కనిగిరి వైపు ఊళ్లలో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మీద. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని ప్రమాణం. మే నెలలో ఆ ఊళ్లకు బస్సులో వెళ్లి, లీటరు క్యాన్లు ఒక్కొక్కదాని మీద ఊరి పేరు, బోరు గుర్తు రాసి అంటించి, రెండు సంచుల్లో మోసుకొచ్చాను. ఒక క్యాను మూత వదులై నా చీర తడిసింది. ఆ నీళ్లు పోయాయని మర్నాడు మళ్లీ అదే ఊరికి పోయాను. ల్యాబులో ఒక్కో శాంపిల్‌నూ మూడుసార్లు చూశాను. టేబుళ్లు నేనే వేశాను. పేపరు మీద రెండు పేర్లున్నాయి, అందులో నా పేరు లేదు. చివరి పేజీలో, రిఫరెన్సులకు పైన, కృతజ్ఞతల్లో ఒక ముక్క ఉంది. అల్మరాలో కనబడేది మొదటి పేజీ. అందుకే సార్ తాళం అడిగేది.

దర్శి తమ్ముడు:
అక్కా…

మోడరేటర్:
వ్యక్తిగత విమర్శలు ఆపండి. ఆ రెండు పేర్లు ఎవరివో ఇక్కడ ఎవరూ రాయకండి, ఊహించకండి. చర్చ కొనసాగించవచ్చు.

పొదిలి మాస్టారు:
అమ్మా, కళ్లు మండుతాయి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించు. కానీ మనసులో ఉన్నదీ చెప్పాలి. ఆలోచన ఎవరిది, ప్రాజెక్టు డబ్బు ఎవరు తెచ్చారు, రాసింది ఎవరు, ఇవి చూసే పేర్లు పెడతారు. శాంపిల్స్ తెచ్చినవాళ్లందరి పేర్లూ పెట్టే ఆనవాయితీ మా కాలంలోనూ లేదు.

కోవూరు కాలువ:
మీ మొదటి పేపరు మీద టీ మరక పడిందని 1989 నుంచీ గుర్తుపెట్టుకున్నారు. ఆ బాధ నాకు అర్థమైంది సార్, నిజంగా. మీ పేరున్న కాగితం మీద మరక పడింది. నా కాగితం మీద పేరే లేదు. ఎవరి పని ఘనత, ఎవరి పని చాకిరీ అన్నది ఆ అద్దం వెనక తేలిపోతోంది. మా గెస్ట్ వాళ్ల పుస్తకాలు రెండు గ్యాలరీకి ఇస్తామంటే రెగ్యులర్ స్టాఫ్‌వే తీసుకుంటామన్నారు. ఆ అల్మరాల కోసమే ఈ పిల్లల బల్లలు తీసేశారు. మెట్ల మీద కూర్చున్న ఆ అమ్మాయికి సెమిస్టర్లో రెండు పేపర్లు చెప్పేది నేనే.

పొదిలి మాస్టారు:
రెగ్యులర్ వాళ్లవే అన్నారా? అది తప్పు. పుస్తకం రాసినవాళ్ల జీతం చూసి అరలో పెట్టకూడదు. గ్యాలరీ ఉండాలనే మాట మీద మాత్రం నేను ఇప్పటికీ నిలబడతాను. హాల్లోనే అక్కర్లేదు, మెట్లెక్కగానే ఉన్న వరండా గోడకు పెట్టొచ్చు. పేపరు మీద పేర్ల విషయంలో నీకూ నాకూ కుదరదులే అమ్మా.

కోవూరు కాలువ:
కుదరకపోయినా సరే సార్. ఆ పేపరును చివరి పేజీ కనబడేలా తిప్పి పెట్టమనండి చాలు.

కావలి ప్యాసింజర్:
ఫ్లెక్సీలో మాట కూడా మార్చమని రాయండి.

పెన్నా ఒడ్డు:
లెటర్ రాస్తున్నాను. పార్టిషన్ తీసి బల్లలు మళ్లీ వేయాలి, అల్మరాలు వరండాలోకి మార్చాలి, తాళాలు లైబ్రేరియన్ దగ్గరుండాలి, గెస్ట్ వాళ్ల పుస్తకాలూ పెట్టాలి, ఫ్లెక్సీ సరిచేయాలి. పాసైనవాళ్లకు పొద్దున పది దాకా అనుమతి అని కూడా చేర్చాను కందుకూరు అక్కా. మేడం, మీ పేపరు సంగతి మీరు సరేనంటేనే రాస్తాను, మీ ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు. రేపు ఎనిమిదింటికి మెట్ల దగ్గర సంతకాలు.

కోవూరు కాలువ:
నా సంగతి రాయొద్దు నాన్నా. జూన్‌లో రెన్యువల్ ఉంది. బల్లలు అడగండి.