కారు లీజు బ్రోకర్‌కి కాగితాలన్నీ వాట్సాప్‌లో పంపించీసాను, ఇప్పుడు ఓటీపీ అడుగుతున్నాడు, చెప్పొచ్చా?

నాగావళి_గట్టు:

అందరికీ నమస్కారమండి. నాది శ్రీకాకుళం, డ్యూటీ పైడిభీమవరం, ఒక మందుల కంపెనీలో షిఫ్టులు. నైట్ షిఫ్టుకి బండి మీద హైవే ఎక్కుతుంటే ఇంట్లో ఒకటే గోల, లారీల మధ్య ఏటి ఆ ప్రయాణం అని. కారు కొందామంటే డౌన్‌పేమెంటుకి చేతిలో లేదు, ఉన్నది కాస్తా అమ్మ ఆపరేషన్‌కి అయిపోయింది. అందుకని మూడేళ్ళ లీజు చూద్దామనుకున్నాను. మా షిఫ్టులో ఒకాయన బ్రోకర్ నంబరిచ్చాడు, వైజాగ్ అతను, ఆఫీసంటూ లేదు, అంతా వాట్సాప్‌లోనే.

అడిగినవన్నీ ముందూ వెనకా చూసుకోకుండా పంపించీసాను. ఆధార్ రెండు వైపులా, పాన్, మూడు నెలల పేస్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, దాని పాస్‌వర్డుతో సహా. మర్నాడే మీ క్రెడిట్ రిపోర్టు ఫలానా కంపెనీ చూసింది అని మెసేజి, సాయంత్రానికి ఇంకోటి, ఆ రెండు పేర్లూ నేనెప్పుడూ విన్లేదు. అక్కణ్ణుంచి పర్సనల్ లోన్ కావాలా సార్ అని ఫోన్లే ఫోన్లు, నిన్న ఒక్కరోజు పదకొండు, నైట్ చేసొచ్చి పడుకున్న మనిషికి ఎలాగుంటాది చెప్పండి.

ఫోన్లంటే కట్ చేస్తాను, పర్లేదు. మొన్న ఇతనే ఫోన్ చేసి ‘మార్చిలో ఆసుపత్రికి బాగా అయినట్టుంది కదా సార్, ఇంట్లో అందరూ బాగున్నారా’ అన్నాడు. మంచిగానే అడిగాడు, కానీ నాకు అదోలా అయిపోయింది. స్టేట్‌మెంటు లైను లైనూ చదివాడన్నమాట. చీటీ ఎవరికి కడుతున్నాను, బావమరిదికి ఎంత సర్దాను, మా ఆవిడకి కూడా తెలీని లెక్కలున్నాయందులో.

ఇప్పుడు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు మూడు కావాలంట. ఇంకా ‘ఓటీపీ ఒకటొచ్చింది కదా చెప్పండి, ఫైలు లాగిన్ చేసేస్తాను’ అంటన్నాడు. మూడుసార్లు వచ్చింది, నేనింకా చెప్పలేదు. చెప్పొచ్చా? పంపించినవాటికి ఇప్పుడేమైనా చెయ్యగలమా?

గంటస్తంభం_సెంటర్:

ఆగండాగండి, ఆ ఓటీపీ మాత్రం చెప్పకండి. విజీనగరంలో నాలుగేళ్ళు ఇదే పని చేసి మానీసినోణ్ణి, లోపల ఏం జరుగుతుందో చెప్తాను వినండి.

మీ బ్రోకర్‌కి బహుశా ఏ కంపెనీలోనూ సొంత కోడ్, అంటే ఏజెంటు నంబరు, ఉండదు. మీ ఫైలు కోడ్ ఉన్నోడికి పంపుతాడు, ఆయన ఎక్కడ ముందు పాసైతే అక్కడ కమీషన్ అని మూడు నాలుగు చోట్ల లాగిన్ చేసేస్తాడు, అంటే మీ పేరు మీద అప్లికేషన్ పెట్టేస్తాడు. మీకొచ్చిన రెండు మెసేజిలూ అవే అయ్యుంటాయి. లాగిన్ అయిన ప్రతిచోటా మీ సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రిపోర్టులో, ఒక ఎంక్వైరీ పడుతుంది, వరసగా పడితే స్కోరు కాస్త దిగుతుంది, తీరా అసలు లీజు కంపెనీ చూసేసరికి ఈయనెవరో అప్పు కోసం ఊరంతా తిరుగుతున్నాడు అనుకుంటారు. పాసవ్వని ఫైళ్ళు పర్సనల్ లోన్ వాళ్ళకి పోతాయి. మా గ్రూపులో రోజూ పదులకొద్దీ తిరిగేవి, డిలీట్ చేసినోడు ఒక్కడు లేడు. నా ఫోన్ గ్యాలరీలో మా పాప బారసాల ఫొటోల మధ్యలో ఎవరెవరివో పాన్ కార్డులు. ఆ ఫోన్ తర్వాత ఎక్స్చేంజిలో ఇచ్చీసాను, ఏమీ తుడవకుండా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తాది.

అందుకే చెప్పేది, బ్రోకర్‌తో బేరం మాట్లాడుకోండి, కాగితాలు మాత్రం అతని ఫోన్‌కి పోకూడదు. కంపెనీ సైటులోనో యాప్‌లోనో మీరే ఎక్కించండి. కమీషన్ రావడానికి అతని కోడ్ చాలు, మీ ఆధార్ అతని గ్యాలరీలో ఉండక్కర్లేదు.

ఓటీపీ సంగతి. అది ఆధార్ ఈ-సైన్‌ది, అంటే ఆన్‌లైన్ సంతకానిదైతే ఆ ఆరంకెలు చెప్పడమంటే కాగితం చదవకుండా సంతకం పెట్టీడమే, 2000 ఐటీ చట్టం ప్రకారం ఆ సంతకం చెల్లుతుంది కూడా. బ్యాంకు మేండేట్‌దైతే నెలనెలా మీ ఖాతాలోంచి లాక్కోడానికి తాళం ఇచ్చినట్టు. మనం అంకెలొక్కటే చూసి చెప్పేస్తాం, మెసేజి మొత్తం చదవండి, ఎవరి కోసం, దేనికి అన్నది అందులోనే ఉంటాది.

ఖాళీ చెక్కు అసలొద్దు. ఖాతా నంబరు కోసమే అయితే అడ్డంగా రెండు గీతలు గీసి మధ్యలో క్యాన్సిల్డ్ అని రాసి ఇవ్వండి, సంతకం పెట్టకండి. ఫారం 29, 30 మీద సంతకం అడిగితే లేచొచ్చీయండి, అవి బండి ఓనరు మారడానికి. లీజులో ఆర్సీ కంపెనీ పేరు మీదుంటాది, మీ సంతకంతో పనేటి? లీజని చెప్పి లోన్ అంటగట్టేవాళ్ళు ఉన్నారు, ఆర్సీ ఎవరి పేరు మీదొస్తుంది అని అడగండి, నసిగాడంటే తెలిసిపోద్ది.

రాజాం_బస్సు:

ఓర్నాయనో ఇంత భయపెట్టేస్తన్నారేటండీ. సిమ్ముకి ఆధార్, లాడ్జికి ఆధార్, తిరుపతి రూముకి ఆధార్, మనది ఎప్పుడో ఊరంతా తిరిగొచ్చీసింది. మా బావ కూడా ఇలాగే ఇచ్చాడు, కారొచ్చింది, తిరుగుతున్నాడు, ఏమీ అవలేదు. బ్రోకర్లది కూడా పొట్టకూడే కదా.

గంటస్తంభం_సెంటర్:

లాడ్జివోడికి మీ జీతం, ఖాతా నంబరు, సంతకం ఇవ్వలేదు కదండీ. విడివిడిగా పదిచోట్ల ఉంటే ఒక లెక్క, అన్నీ కలిపి ఒక్క ఫైల్లో ఉంటే మీ పేరు మీద అప్పు పుట్టించడానికి సరిపోద్ది. పొట్టకూడు అంటే నేనూ దాని మీదే తిన్నాను, కాదన్లేదు.

అరసవిల్లి_అక్క:

తమ్ముడూ, నేను బ్యాంకులో చేస్తాను. పంపించినవి వెనక్కి రావు, కానీ వాటితో ఏం జరుగుతుందో కనిపెట్టుకుని ఉండొచ్చు.

ముందు సిబిల్. మన దేశంలో నాలుగు కంపెనీలు ఈ రిపోర్టులు ఇస్తాయి, సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇవ్వాలి, 2017 నుంచి ఆర్‌బీఐ రూలు. ‘ఫ్రీ స్కోరు’ అని కనిపించిన యాప్‌లోకల్లా వెళ్ళకు, వాళ్ళ సొంత సైట్లలోనే తీసుకో. నువ్వు అడగని ఎంక్వైరీ, నువ్వు తీసుకోని లోన్ కనిపిస్తే అక్కడే డిస్ప్యూట్ పెట్టు, 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయలు చొప్పున నీకే కట్టాలి. నీకొచ్చిన మెసేజిలు చాలామంది చూడకుండానే తీసేస్తారు, నువ్వు చూశావు, అదే మంచిదైంది.

తర్వాత ఆధార్. మైఆధార్ సైటులో బయోమెట్రిక్ లాక్ చేసీ, అక్కడే ఆథెంటికేషన్ హిస్టరీ కూడా ఉంటుంది, నీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో తేదీలతో కనిపిస్తుంది. ఇకమీదట ఎవరడిగినా మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. చాలామంది పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అంటే ఏంటి, ఇంగ్లిషులో నీ పేరు మొదటి నాలుగు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే పాన్ కార్డు ఫొటో పంపించావు, అందులో పేరూ ఉంది పుట్టినతేదీ ఉంది. తాళం వేసి తాళంచెవి దానికే కట్టి పంపినట్టు.

సంచార్ సాథీ అని గవర్నమెంటు సైటుంది, అందులో నీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో చూడు, నీవి కానివుంటే అక్కడే చెప్పొచ్చు. డబ్బు పోయినట్టు కనిపిస్తే మాత్రం ఎవర్నీ సలహా అడక్కుండా వెంటనే 1930కి ఫోన్, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది.

బ్రోకర్‌కి రాతపూర్వకంగా పెట్టు, నా కాగితాలు తీసీండి, ఇంకెవరికి పంపించారో పేర్లు చెప్పండి అని. డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, చాలా క్లాజులకి ఏడాదిన్నర గడువిచ్చారు కాబట్టి దాన్ని చూపించి బెదిరిస్తే అతను బెదురుతాడని నేను అనను. రేపు గొడవొస్తే నువ్వు అడిగినట్టు ఒక ఆధారం ఉంటుంది, అంతే.

అన్నట్టు స్కాన్ ఎక్కడ చేయించావు?

నాగావళి_గట్టు:

ఏడు రోడ్ల కూడలి దగ్గర జిరాక్స్ షాపులో అక్కా. మీరు అడిగారని ఇందాకే వెళ్ళొచ్చాను. డెస్క్‌టాప్ మీద స్కాన్ అని ఫోల్డరు, తెరిస్తే వందల ఫైళ్ళు, ఆధార్లు, పెళ్ళి సర్టిఫికెట్లు, పదో తరగతి మార్కులు, మా వీధి చివరాయన పట్టాదారు పాసు పుస్తకం కూడా ఉంది. నావి అయిదు దొరికాయి. కుర్రోడు పాపం వెంటనే తీసీసాడు, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి బాబూ అంటే ‘అదెందుకన్నా’ అన్నాడు. పక్కనుండి చేయించాను. జిరాక్సుల మీద ‘కారు లీజు కోసం మాత్రమే’ అని తేదీ వేసి రాసుకోమని వాడే చెప్పాడు మళ్ళీ.

చీపురుపల్లి_డ్రైవ్:

లీజు కారు నడిపి పోయిన నెలే వెనక్కిచ్చాను కాబట్టి ఒక ముక్క. అందరూ తీసుకునేటప్పుడు జాగ్రత్త చెప్తారు, ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు. బ్లూటూత్ కలిపితే ఫోన్లో కాంటాక్టులన్నీ కారు స్క్రీన్లోకి ఎక్కిపోతాయి, మ్యాపులో ‘ఇల్లు’ అని సేవ్ చేసుంటాం. తాళం ఇచ్చే ముందు సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి, డ్యాష్‌క్యామ్ కార్డు తీసుకోండి, ఫాస్టాగ్ మీ ఖాతాదైతే మూయించండి. నేను మర్చిపోయాను, కారిచ్చిన వారానికి మడపాం టోల్‌గేట్లో నా డబ్బులు కట్ అయ్యాయి, నేను ఇంట్లో భోంచేస్తున్నాను అప్పుడు.

నాగావళి_గట్టు:

అందరికీ థాంక్సండి. రెండు సంగతులు. లీజు కంపెనీ కస్టమర్ కేర్‌కి నేనే ఫోన్ చేశాను, కాగితాలు మా లింకులోనే ఎక్కించాలి సార్, ఖాళీ చెక్కులు మేము అడగం అన్నారు. నా పాన్ మీద వాళ్ళ దగ్గర అప్లికేషనే లేదంట, మరి ఆ ఫైలు ఎక్కడ తిరుగుతోందో.

రెండోది, గంటస్తంభం అన్న చెప్పాక ఆ ఓటీపీ మెసేజి మళ్ళీ తీసి మొత్తం చదివాను. మేండేట్‌ది. కంపెనీ పేరు చూస్తే లీజు కంపెనీ కాదు, మొదటిరోజు క్రెడిట్ రిపోర్టు చూసినవాళ్ళది. బ్రోకర్‌కి అక్క చెప్పినట్టు మెసేజి పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. అక్కా, ఓటీపీ చెప్పలేదు కాబట్టి మేండేట్ పడి ఉండదు కదా? ఎందుకైనా మంచిది, రేపు నైట్ దిగి అటునుంచటే బ్రాంచికి వెళ్ళి అడుగుతాను, పది గంటలకి తెరుస్తారు కదా.

అరసవిల్లి_అక్క:

పడి ఉండదు, అయినా వెళ్ళు. నీ ఖాతా మీద ఉన్న మేండేట్లన్నీ చూపించమని అడుగు, కొత్తది ఏదైనా ఉంటే అక్కడే క్యాన్సిల్‌కి లెటర్ రాసిచ్చి రసీదు తీసుకో. టిఫిన్ చేసి వెళ్ళు, సోమవారం లైను పెద్దదుంటుంది.