పీటీఎస్‌డీ (పెద్ద ఆపద తర్వాత మనసును వదలని భయం) ఉన్న ఆడవాళ్లకు కౌన్సెలింగ్ ఊళ్లోనే, ఆశ కార్యకర్తలతో ఇప్పించొచ్చా?

లక్నవరం:
2023 జూలై చివర్లో వచ్చిన వరద గుర్తుంది కదా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే దాదాపు 65 సెంటీమీటర్ల వాన. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ఇండ్ల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మా చుట్టాల్లో ఒకామె ఇప్పటికీ రేకుల మీద చినుకుల చప్పుడు వింటే లేచి, ఆధార్ కార్డులు, పిల్లల బట్టలు సంచిలో సర్దుకుని తలుపు దగ్గర కూర్చుంటుంది. ఊళ్లో గాలి సోకిందని తాయెత్తు కట్టారు. చివరికి ఒక డాక్టర్ పీటీఎస్‌డీ అని చెప్పి, వారం వారం కౌన్సెలింగ్‌కు వరంగల్ రమ్మన్నాడు. ఆ పని ఊరి ఆశక్కకో, ఏఎన్ఎంకో నేర్పించి పీహెచ్‌సీలోనే చేయించలేరా?

స్టాఫ్ సిస్టర్:
వద్దు తమ్ముడూ. వరద అంటే అందరి కష్టం, నలుగురిలో చెప్పుకున్నా పరువు పోదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిది అట్లాంటి కష్టం కాదు. మొగుడు కొట్టడమో, చిన్నప్పుడు ఇంట్లోవాళ్లే చెయ్యి వేయడమో అయితే ఊరి ఆశక్కకు ఎట్లా చెబుతారు? ఆమె ఆ మొగుడికి మేనత్త కూతురే కావచ్చు. నేను ఇదివరకు పనిచేసిన చోట చీటీ రాసే కిటికీ దగ్గరే "ఏం రోగమమ్మా?" అని వరుసలో అందరికీ వినపడేలా అడిగేవాళ్లు. తలనొప్పి అని రాయించుకుని వెళ్లిపోయిన వాళ్లను చూశాను. మానసిక ఆరోగ్య చట్టం 2017 గోప్యత హక్కు ఇచ్చింది, నిజమే. ఆ కిటికీ దాకా అది రాలేదు. పైగా సగం నేర్చినవాళ్లు పాత గాయం కెలికి వదిలేస్తే ఎవరు సర్దాలి?

కొత్తవాడ:
సిస్టర్ గారూ, గోప్యత గురించి మీరన్నది ఒప్పుకుంటాను. "సగం నేర్చినవాళ్లు" అన్నదే ఒప్పుకోను. తూర్పు కాంగోలో లైంగిక హింసకు గురైన ఆడవాళ్లకు పెద్ద డిగ్రీలు లేని స్థానిక కార్యకర్తలే గుంపులుగా కూర్చోబెట్టి కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ ఇచ్చారు. ఫలితాలు 2013లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే కుంగుబాటో ఆందోళనో ఉన్నట్టు తేలినవాళ్లు థెరపీ తీసుకున్నవాళ్లలో 9 శాతం, విడివిడిగా ఓదార్పు సాయం మాత్రమే అందినవాళ్లలో 42 శాతం. పీటీఎస్‌డీలోనూ అదే తీరు. అక్కడ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పమని ఎవరినీ అడగలేదు. "తప్పు నాదే", "ఇక ఎవరినీ నమ్మకూడదు" లాంటి ఆలోచనలు పట్టుకుని, అవి ఎంతవరకు నిజమో చూడటమే పని. గాయం కెలకడం అంటే మనం అనుకునేది వేరు.

ఇక దూరం సంగతి. ఈ థెరపీ మామూలుగా 12 సెషన్లు. ఏటూరునాగారం నుంచి వరంగల్ దాదాపు వంద కిలోమీటర్లు. మహాలక్ష్మి బస్సు ఫ్రీనే, కూలి మాత్రం పోతుంది. పత్తి ఏరే రోజుల్లో వారానికో పూట ఎవరు వదులుకుంటారు? రెండుసార్లు వచ్చి మానేస్తారు. తర్వాత ఊళ్లో దొరికేది నిద్రగోలీలు. మనసుకు గాయం తగిలిన తొలి నెలలో ఈ లక్షణాలకు అల్ప్రాజోలం జాతి నిద్రగోలీలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. మన దగ్గర మాత్రం మెడికల్ షాపులో అడిగితే చాలు.

స్టాఫ్ సిస్టర్:
ఆ కాంగోవాళ్ల వెనక అనుభవం ఉన్నవాళ్లు ఉండి ఎప్పటికప్పుడు చూసుకున్నారు కదా, అది కూడా చెప్పండి. ఇక్కడ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఒక సైకియాట్రిస్టు, ఒక సైకాలజిస్టు ఉన్నారనుకుందాం. వాళ్లు ఎన్ని పీహెచ్‌సీలు చూస్తారు? ఇంకో మాట. రోజూ తన్నులు తింటున్న మనిషికి "ఇప్పుడు ప్రమాదం లేదు" అని ఎట్లా చెబుతాం? ఆమెకు ముందు కావాల్సింది హింస పాలైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం, 181 నంబరు. మనసు బాధలు ఫోన్లో చెప్పుకునే 14416 టెలిమానస్ ఉంది కదా అంటారేమో, ఫోన్ మొగుడి జేబులో ఉంటుంది.

కొత్తవాడ:
అందుకే బీపీ, షుగర్ చూసే రోజునే ఇది కూడా పెట్టాలంటున్నా. మనసు డాక్టర్ వచ్చే రోజు అని విడిగా పెడితే, ఆ రోజు ఎవరు లోపలికి వెళ్లినా ఊరంతా టాంటాం. పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టొద్దన్న మీ మాటకు మాత్రం ఎదురు చెప్పను.

వాగొడ్డు:
నేను ఆశనే. ఇంతసేపూ మా గురించి మాట్లాడుతున్నారు, మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. టీకాలు, గర్భిణుల లిస్టు, సర్వేలు, ఇప్పుడు ఇది కూడానా? పనికింత అని లెక్కగట్టి ఇచ్చే పారితోషికంలో ఏడుపు వినడానికి ఎంత రాస్తారు? ఒకామె నా దగ్గర చెప్పుకున్నాక ఆమె మొగుడు నా ఇంటికొచ్చి "ఏం చెప్పింది?" అంటే ఏమనాలి? నేనూ ఆ ఊళ్లోనే బతకాలి.

ఎవరికి నిద్ర పట్టట్లేదో, ఎవరు ఉలిక్కిపడుతున్నారో మాకు ముందే తెలుస్తుంది. గుర్తుపట్టి పంపమంటే పంపుతా. కూర్చోబెట్టి మాట్లాడించే పని మా ఊళ్లో పక్క మండలం ఆమెకివ్వండి, వాళ్ల ఊరికి నేను పోతా. బస్సు ఎట్లాగూ ఫ్రీనే, ఆ పూట కూలి మీరు కట్టివ్వండి.