భోపాల్ మట్టిని తవ్వి కాల్చేస్తే సరిపోతుందా?

సాగర్_కె: యూనియన్ కార్బైడ్ గోదాంలోని 337 టన్నుల వ్యర్థాలను 2025లో మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్ కొలిమికి తరలించి కాల్చేశారు కదా. ఫ్యాక్టరీ ఆవరణలోని మట్టినీ అలాగే తవ్వి కాల్చేస్తే పీడ వదులుతుంది. 1984 నుంచి ఇంకా ఎన్నాళ్లు వాయిదాలు?

మట్టివాసన: మీ కోపం న్యాయమే సాగర్ గారూ, కానీ లెక్క చూడండి. పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ, మన హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ కలిసి వేసిన అంచనా ప్రకారం అక్కడ పాడైన మట్టి 11 లక్షల టన్నులు. పీథంపూర్‌లో గంటకు ఎక్కువలో ఎక్కువ 270 కిలోలు కాల్చారు. ఆ లెక్కన రాత్రీపగలూ ఆపకుండా కాల్చినా 460 ఏళ్లు దాటుతుంది. పోనీ ఇంకా పెద్ద కొలిమి కడతారనుకుందాం, అప్పుడు కూడా అసలు చిక్కు తీరదు. ఆ మట్టిలో ఒకవైపు పురుగుమందుల అవశేషాలు, క్లోరోబెంజీన్లు (క్లోరిన్ ఉన్న విష రసాయనాలు) ఉన్నాయి, ఇంకోవైపు పాదరసం, సీసం, క్రోమియం. మొదటి రకం గట్టి మంటలో విరిగిపోతుంది. లోహం కాలి మాయమైపోదు! పాదరసం ఆవిరై పొగతో లేస్తుంది, సీసం కొంత పొగలోకి, మిగతాది బూడిదలోకి చేరుతుంది. ఆ 337 టన్నులకే బూడిద, ఇతర శేషాలు కలిపి 800 టన్నులు దాటాయి, ఎందుకంటే సున్నం లాంటివి కలపాల్సి వచ్చింది. ఆ బూడిద ఎక్కడ పూడ్చాలన్నది మళ్లీ పీథంపూర్ జనానికి టెన్షన్.

హరిత_07: అయితే అక్కడే సిమెంటు కలిపి, పైన కప్పేస్తే పోలా?

మట్టివాసన: సిమెంటు సీసం లాంటి లోహాలను చాలావరకు పట్టి ఉంచుతుంది, క్లోరోబెంజీన్లను అంత బాగా పట్టుకోదండీ. పర్మాంగనేట్ లాంటి ఆక్సీకరణ రసాయనాలు పోసి వాటిని విరగ్గొడదామంటే, మట్టిలో కదలకుండా ఉన్న క్రోమియం-3 అనే రూపంలో కొంత క్రోమియం-6 అనే ఇంకో రూపంగా మారే ప్రమాదం ఉంది. అది నీటిలో కరుగుతుంది, క్యాన్సర్ తెస్తుంది. అందుకే వరస ముఖ్యం అంటున్నాను. ముందు మట్టిని గడులుగా పరీక్షించి బాగా విషమెక్కిన దాన్ని వేరు చేయాలి, దాన్ని మూసిన యంత్రంలో కొన్ని వందల డిగ్రీలకు వేడిచేసి క్లోరోబెంజీన్లనూ పాదరసాన్నీ ఆవిరిగా లాగి, చల్లార్చి పట్టుకోవాలి, ఆ తర్వాతే మిగిలిన సీసం, క్రోమియంకి సిమెంటు. నల్లరేగడి బంకమట్టి కాబట్టి నీళ్లతో కడిగే పద్ధతి మీద నాకు పెద్దగా ఆశ లేదు.

సాగర్_కె: ఖర్చెవరిది మరి?

మట్టివాసన: కార్బైడ్‌ని 2001లో కొన్నది డౌ అనే అమెరికా రసాయనాల కంపెనీ. శుద్ధి ఖర్చు కింద ముందుగా 100 కోట్లు కట్టించాలని కేంద్రమే 2005లో మధ్యప్రదేశ్ హైకోర్టును అడిగింది. డబ్బు తేలేదాకా మట్టి జోలికి వెళ్లబోమంటే మాత్రం నేను ఒప్పుకోను. ఫ్యాక్టరీ గోడ బయట, ఫ్యాక్టరీ వ్యర్థ జలాలను ఎండకు ఆవిరి చేసిన ఆ పాత చెరువుల చుట్టూ జనం కాపురం ఉంటున్నారు. ముందు ప్రభుత్వమే డబ్బు పెట్టి, తర్వాత కంపెనీ నుంచి వసూలు చేసుకోవాలి, మొదలుపెట్టేది కూడా ఆ చెరువుల దగ్గరే.