నీళ్ల రాకెట్‌కి నిమ్మకాయ కడితే మార్కులు తగ్గించొచ్చా?

అలిపిరి అమ్మ: మాది తిరుపతి. మా పాప ఎనిమిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి నీళ్ల రాకెట్ చేసింది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, అట్ట రెక్కలు మూడు, మూడో వంతు నీళ్లు, సైకిల్ పంపు. తీరా తీసుకెళ్లేముందు ఒక రెక్కకి నిమ్మకాయ కట్టింది, వాళ్ల తాత కొత్త బండికి కట్టినట్టు. మార్కులు వేయడానికి వచ్చిన సారు ‘సైన్స్‌లో మూఢనమ్మకాలేంటి’ అని రెండు మార్కులు తగ్గించారు. ‘చంద్రయాన్-3కి ముందు ఇస్రో వాళ్లు రాకెట్ నమూనా పట్టుకుని కొండకి వచ్చారు కదా, వాళ్లకి ఎవరు తగ్గించారు?’ అని పాప అడుగుతోంది. ఏం చెప్పాలో తోచలేదు.

చిత్తూరు లెక్కల మాస్టారు: సారు చేసింది సబబే. 2019లో చంద్రయాన్-2కి ముందు కూడా కొండకి వెళ్లారమ్మా. సెప్టెంబర్ 7 తెల్లవారుజామున విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. మొక్కు అప్పుడూ ఉంది, 2023లోనూ ఉంది. మారినవి వేరే. దిగే చోటు 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. కాళ్లు గట్టిపరిచారు. ఏది చెడిపోతే ఏం చేయాలో ముందే కూర్చుని ఆలోచించారు. టీవీలో అవేవీ చూపించరు, హారతి చూపిస్తారు. పిల్లలు అదే పట్టుకుంటారు.

సూళ్లూరుపేట పాతకాపు: మాస్టారూ, లెక్క ఒప్పుకుంటా, మార్కులు తగ్గించడం ఒప్పుకోను. అదే 2019లో జూలై 15 తెల్లవారుజామున, ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా లోపం కనబడి కౌంట్‌డౌన్ ఆపేశారు. దర్శనం అయింది కదా, స్వామే చూసుకుంటాడులే అని వదిలేశారా? లేదే! సరిచేసి 22న పంపారు.

నేను ముప్పై ఏళ్లు బాయిలర్ల దగ్గర పనిచేశా. ఆయుధపూజకి అన్నిటికీ పసుపు కుంకుమ పెడతాం. ఒక ఏడు కొత్త కుర్రాడు భక్తి ఎక్కువై ప్రెషర్ గేజ్ అద్దం నడిమధ్యన ఇంత బొట్టు పెట్టేశాడు. ముల్లు కనబడదు! మా మేస్త్రీ రోజూ గుడికి వెళ్లే మనిషి. వాణ్ణి నానా తిట్లు తిట్టి, తన కండువాతోనే అద్దం తుడిచి, బొట్టు పక్కన ఇనప చుట్టు మీద పెట్టాడు. అప్పట్నుంచి మా దగ్గర బొట్టు అక్కడే.

హార్స్‌లీ కొండ గాలి: మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి ఉన్న సంఘాన్ని 1929లో తనే రద్దు చేశారు. నమ్మమని ఒకరు చెబితే నమ్మడం, వద్దంటే మానడం, రెండూ ఒకటే నా దృష్టిలో. ఎందుకు కట్టావని ఆ సారు పాపని ఒక్క మాట అడిగుంటే బాగుండేది.

ఏమప్పా చిత్తూరు: అన్నీ పెద్ద మాటలే చెబుతున్నారు. ఇంతకీ రాకెట్ ఎగిరిందా లేదా?

అలిపిరి అమ్మ: ఎగిరింది అన్నా. కానీ నిమ్మకాయ ఉన్న వైపుకి వాలిపోయి వేపచెట్టులో ఇరుక్కుంది. వాచ్‌మన్ దోటీతో తీశాడు.

చిత్తూరు లెక్కల మాస్టారు: అయ్యో, ముందే చెప్పొద్దా అమ్మా! ఒక పక్క బరువు పెడితే నిట్టనిలువునా ఎలా పోతుంది? రెండు మార్కులు దానికి తగ్గించాలి, మూఢనమ్మకానికి కాదు. మొదట నేనన్న మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. కొంచెమే.

అలిపిరి అమ్మ: పాతకాపు గారూ, మీ బొట్టు కథ పాపకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. నిన్న సాయంత్రం మిద్దె మీదికి పిలిచింది. రెక్కల్ని వంటింటి కాటా మీద తూచి, సమానంగా కత్తిరించి పెట్టుకుంది. నిమ్మకాయ మాత్రం ఉంది, సైకిల్ పంపు పిడికి. రాకెట్ ఈసారి నిట్టనిలువునా లేచి వాటర్ ట్యాంకు దాటింది. వాళ్ల తాత మాత్రం అంతా నిమ్మకాయ మహిమే అంటున్నాడు.