ఎండాకాలంలో టైర్లో గాలి తగ్గించాలా, వద్దా?

హైవే పిచుక:
మొన్న శనివారం హైదరాబాదు నుంచి విజయవాడ బయల్దేరాం. పొద్దున్నే ఇంటి దగ్గరే నా చిన్న పంపుతో నాలుగు టైర్లకీ 33 పాయింట్ల (psi) గాలి పెట్టుకున్నా. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన అంటించి ఉండే స్టిక్కర్లో ఉన్న అంకె అదే. సూర్యాపేట దగ్గర పెట్రోలుకి ఆగితే మా మామగారు "ఎలాగూ ఆగాం కదమ్మా, గాలి కూడా చూపించు" అన్నారు. బంకు కుర్రాడు గేజీ పెట్టి 38 ఉందన్నాడు. "ఈ ఎండలో ఇంత గాలితో పోతే పేలిపోద్ది మేడం" అంటూ నేను వద్దనేలోపే నాలుగింట్లోనూ 32కి దింపేశాడు. మామగారు వాడి చేతిలో ఇరవై రూపాయలు కూడా పెట్టారు. మర్నాడు పొద్దున బెంజ్ సర్కిల్ దగ్గర చుట్టాలింటి ముందు, బండి కదపకుండానే చూస్తే 27, 28 మధ్య ఉంది.

అప్పట్నుంచి ఇంట్లో పంచాయితీ. "ఎండాకాలం రెండు మూడు పాయింట్లు తగ్గించాలి, అందరూ చేసేదే" అని ఆయన. తగ్గించకూడదని నేను. ఎవరిది రైటు? ఆయన కూడా చదువుతారు, కాస్త మర్యాదగా రాయండి.

పాత లారీ:
మీ మామగారు చెప్పిందే కరెక్ట్ అమ్మా. ఇరవై ఆరేండ్లు లారీ తోలిన. మే నెలల రామగుండం రోడ్డు మీద మధ్యాహ్నం ఎట్లుంటదో ఏసీ కార్లల్ల తిరిగెటోళ్ళకు ఎర్కలేదు. వేడికి గాలి ఉబ్బుతది. ఉబ్బిన గాలి ఏడికి పోవాలె? టైరు చీల్చుకొని బయటికొస్తది. పేలినయి నా కండ్లతోని చూసిన. ఆ స్టిక్కర్ అంటించినోడు ఏసీ రూముల కూసొని అంటించిండు.

లెక్కల పంతులు:
మామగారికి నమస్కారం. వేడికి గాలి ఉబ్బుతుందన్న మాట నిజమే. ఎంత ఉబ్బుతుందన్నదే ప్రశ్న.

గేజీ చూపించేది బయటి గాలి ఒత్తిడి కంటే లోపల ఎంత ఎక్కువుందో మాత్రమే. అసలు ఒత్తిడి కావాలంటే దానికి 14.7 కలపాలి. పొద్దున 27 డిగ్రీల దగ్గర 33 అంటే లోపల 47.7 ఉన్నట్టు. సూర్యాపేట చేరేసరికి టైరు 60 డిగ్రీలకు వేడెక్కిందనుకుందాం. వేడిని అసలు సున్నా నుంచి కొలవాలి కాబట్టి రెంటికీ 273 కలిపితే 300 కాస్తా 333 అయింది. ఒత్తిడి కూడా అదే వంతున పెరిగి దాదాపు 52.9 అవుతుంది. 14.7 తీసేస్తే 38. కుర్రాడు చూసిన అంకె అదేగా! ఆ టైరు ఎలా ఉండాలో అలాగే ఉంది.

అతను వేడి మీద 32కి దింపాడు. చల్లారాక ఎంతవుతుందో అదే లెక్క వెనక్కి వేసి చూసుకోండి, 27న్నర వస్తుంది. మీ పొద్దుటి గేజీ అబద్ధం చెప్పలేదు. స్టిక్కర్ మీది అంకె చల్లటి టైరుది. అంటే కనీసం మూడు గంటలు నిలిపి ఉంచిన బండికి, లేదా కిలోమీటరున్నర కూడా తిరగని బండికి. దారిలో పెరిగే నాలుగైదు పాయింట్లు రాసినవాడు ముందే లెక్కలో వేసుకున్నాడు, ఏ రూములో కూర్చున్నా సరే.

పాత లారీ:
లెక్క బోర్డు మీద బాగుంటది సారూ. మరి పేలినయి ఎందుకు పేలినయి?

సైడు వాల్:
అన్నా, నేను చెప్తా. కడపలో మాది పంక్చర్ అంగడి. పేలిన కారు టైరు వస్తే నేను మొదట చేసే పని, లోపలికి చెయ్యి పెట్టి చూడడం. నల్లటి పొడి వేళ్ళకు అంటితే, ఆ టైరు గాలి తక్కువతో చానా దూరం తిరిగిందని అర్థం. పక్క గోడ నలిగి నలిగి లోపలి రబ్బరు పొడైపోయింటుంది.

గాలి తక్కువుంటే టైరు నేలకు తగిలిన చోటల్లా గోడ వంగుతుంది, పైకి పోతానే మళ్ళీ లేస్తుంది. గంటకు వంద మీద పోతే చిన్న కారు టైరు నిమిషానికి ఎనిమిది తొమ్మిది వందల సార్లు తిరుగుతుంది. అన్నిసార్లూ ఇదే వంగడం, ఇదే లేవడం. ఒక ఇనప తీగను పదిసార్లు అటూ ఇటూ వంచి చూడన్నా, చెయ్యి చురుక్కుమంటుంది. టైరు కూడా అంతే. బయటి ఎండ కంటే లోపల పుట్టే ఈ వేడే దాన్ని తినేస్తుంది. చల్లగా ఉండాలని నువ్వు గాలి తగ్గిస్తే అది ఇంకా ఎక్కువ కాలుతుంది. ముక్కు పుడక పోయిందని ముక్కు కోసుకున్నట్టు.

ఇంకో మాట. పేలిన వాటిల్లో సగం ముసలి టైర్లే. గోడ మీద నాలుగంకెలు ఉంటాయి చూసుకోండి. 2316 అంటే 2016లో 23వ వారం తయారైంది. అట్లాంటి టైరుకు ఎంత గాలి పెట్టినా ఒకటే, మార్చేది తప్ప వేరే దారి లేదు.

పాత లారీ:
పొడి సంగతి నిజమే తమ్మీ, నేనూ చూసిన. మా కాలం నైలాన్ టైర్లు, ట్యూబులు, కాయితం మీద ఒక లోడు, బండి మీద రెండు లోడ్లు. ఎనక జోడు టైర్లల్ల ఒకటి దిగినా తెల్వదు, రాడ్డుతోని కొడితే వచ్చే సౌండుకే తెలుస్తది. ఆ పేలుళ్ళన్ని గాలి ఎక్కువై పేలినయని నేను అనలేను. కానీ అందరు బంకుల మీటరు చూసే కదా గాలి పెట్టించేది, అది సక్కగున్నదని ఎవడు చెప్పిండు? మా ఊరి దగ్గర రెండు బంకులున్నయి. ఒకే టైరుకు ఒకాయన 30 అంటడు, ఇంకొకాయన 34 అంటడు.

డల్లాస్ గోంగూర:
గేజీ విషయంలో పెద్దాయనతో నేను ఏకీభవిస్తా. ఇక్కడ టెక్సాస్‌లోనూ వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది, గాలి తగ్గించమని మాత్రం ఎవరూ చెప్పరు. ఎందుకంటే ఇక్కడివాళ్ళకి ఒక చేదు అనుభవం ఉంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్ల ఫైర్‌స్టోన్ టైర్లు వేడి రాష్ట్రాల్లోనే ఎక్కువగా పొర ఊడి, బండ్లు పల్టీలు కొట్టాయి. 2000 ఆగస్టులో లక్షల టైర్లు వెనక్కి పిలిపించారు. ఫోర్డ్ చెప్పిన అంకె 26, టైర్ల కంపెనీ 30 ఉండాలంది. టైరులో లోపం ఉందని ఒకరు, బండిలో ఉందని ఇంకొకరు చాలాకాలం కొట్టుకున్నారు. తప్పు ఎవరిదైనా, తక్కువ గాలి, వేడి, లోడు ఒకచోట చేరితే ఏమవుతుందో జనం చూశారు. ఆ ఏడాదే చట్టం వచ్చింది. ఇప్పుడు కొత్త కార్లలో చెప్పిన అంకెకి పాతిక శాతం తగ్గితే డాష్‌బోర్డు మీద దీపం వెలగాలి.

కానీ ఆ దీపాన్ని నమ్ముకుని కూర్చోకండి. 33లో పాతిక శాతం అంటే 25కి దిగాక గానీ అది వెలగకపోవచ్చు. పిచుకగారి బండి 27న్నరతో నిశ్శబ్దంగా తిరిగి ఉండేది.

మైలేజీ మహారాజు:
తగ్గించడం కాదు, పెంచాలి. టైరు మీదే 51 అని రాసి ఉంది కదా? నేను 42 పెడతా. బండి గాల్లో తేలినట్టు పోతుంది, మైలేజీ అదిరిపోతుంది.

లెక్కల పంతులు:
మహారాజా, ఆ 51 టైరు తట్టుకోగల గరిష్ఠం. మీ బండి బరువు ఎంతో టైరు చేసినవాడికి తెలియదు, బండి చేసినవాడికి తెలుసు. అందుకే అంకె తలుపు దగ్గర ఉంటుంది. మైలేజీ లెక్కా చూద్దాం. నాలుగు టైర్లలో ఒక్కో పాయింటు తగ్గితే ఇంధనం సుమారు 0.2 శాతం ఎక్కువ కాలుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. లీటరుకు 20 ఇచ్చే బండికి ఐదు పాయింట్లు తగ్గితే పోయేది 200 మీటర్లు. మీరు పెంచి సంపాదించేదీ అంతకు మించి ఉండదు. దానికోసం టైరు నడుం మీదే నిలబడుతుంది, మధ్యలో అరుగుతుంది, గుంతలో పడితే నేరుగా రిమ్ముకి తగులుతుంది.

మైలేజీ మహారాజు:
నా టైర్లు నా ఇష్టం. 42 కాకపోతే 36, అంతకంటే దిగను.

సైడు వాల్:
36 అయితే నేనేమీ అననులే. ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపి సంక్రాంతికి పోతాంటే స్టిక్కరే వెనక టైర్లకు ఎక్కువ పెట్టమంటుంది. ఒక్కడివే ఆఫీసుకు పోతాంటే ఎందుకు?

వానకోయిల:
అందరూ ఎండ గురించే. వాన సంగతో? నీళ్ళు నిలిచిన రోడ్డు మీద టైరు నేలను వదిలి నీళ్ళ మీద జారే వేగం కూడా గాలి మీదే ఆధారపడుతుంది. విమానాల కోసం నాసా వాళ్ళు కట్టిన పాత సూత్రం ఒకటుంది, పాయింట్ల వర్గమూలాన్ని 10.35తో హెచ్చిస్తే ఆ వేగం మైళ్ళలో వస్తుంది. 33కి గంటకు దాదాపు 96 కిలోమీటర్లు, 27కి 87 కూడా లేదు. కారు టైరు గాడులు, అరుగుదల బట్టి మారుతుంది లెండి. కానీ మే నెలలో తగ్గించిన గాలి జూన్ మొదటి వానకి ఎవరికి గుర్తుంటుంది? ఔటర్ రింగ్ రోడ్డు మీద 120కి అనుమతి ఉంది కదా అని పోయేవాళ్ళు ఆలోచించండి.

నైట్రోజన్ బాబాయ్:
ఇదంతా ఎందుకు, నైట్రోజన్ కొట్టిస్తే వేడికి ఉబ్బదు. టైరుకి యాభై.

లెక్కల పంతులు:
మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ బాబాయ్. వేడికి అదీ ఇంచుమించు అంతే ఉబ్బుతుంది. తేమ ఉండదు, కాస్త నెమ్మదిగా దిగుతుంది, అంతవరకే.

హైవే పిచుక:
అందరికీ థాంక్స్. సొంత గేజీ ఒకటి కొన్నా, ఇక పొద్దున ఇంట్లోనే. 33కి తెచ్చేశా. అదే ఊపులో స్టెప్నీ కూడా చూస్తే 14 ఉంది! కొన్నప్పట్నుంచి దాని మొహం చూసినవాళ్ళు లేరు. మామగారు ఏదో రాస్తానంటున్నారు, ఫోను ఇస్తున్నా.

హైవే పిచుక:
నమస్తే. నేను మామగారిని. లెక్క అర్థమైంది, పొడి మాట ఇంకా బాగా అర్థమైంది. ఒక్క విషయం మాత్రం సరిచేయాలి. ఆ కుర్రాడికి ఇరవై రూపాయలు గాలి తీసినందుకు కాదు, అద్దం తుడిచినందుకు.