గోలూ కొట్టడు, అసిస్టూ ఇవ్వడు: అలాంటివాణ్ణి టీములో ఉంచాలా?

లెక్కల కుర్రోడు, అమలాపురం

నమస్కారమండి అందరికీ. మా సెవెన్స్ ఫుట్‌బాల్ (జట్టుకి ఏడుగురు ఆడేది) టీములో ఒక పేచీ తెగడం లేదు. మీరేమంటారో విందామని ఇక్కడ పెడుతున్నాను. పండగ తర్వాత టోర్నమెంట్ ఉంది. శుక్రవారానికల్లా 10 పేర్లు రాయించాలి, మేం 11 మంది ఉన్నాం. వానలు తగ్గాక ఆడిన ప్రతి మ్యాచ్‌కీ నేను ఫోన్‌లో షీటు రాశాను. గోల్స్, అసిస్టులు (గోల్‌కి అందించిన పాస్‌లు), గోల్ మీదకి కొట్టిన షాట్లు, టాకిల్స్ (అవతలివాడి కాళ్ల దగ్గర బంతి లాక్కోవడం), బంతి పోగొట్టుకున్న సార్లు, అన్నీ ఉన్నాయి. మా ఎడమ వైపు బ్యాక్ (వెనక అడ్డుకునేవాడు) దాదాపు అన్నిట్లోనూ అట్టడుగున ఉన్నాడు. గోల్ లేదు, అసిస్టు లేదు, టాకిల్స్ కూడా అంతంతమాత్రమే. తీసేద్దామని నేనన్నాను. వాణ్ణి తీస్తే నేనూ ఆడనని మా కెప్టెన్ మొండికేశాడు. కారణం చెప్పమంటే "వాడు వెనకుంటే నాకు టెన్షన్ ఉండదు" అంటాడు. దాన్ని ఏ గడిలో రాయమంటారు?

లెక్కల మీద నాకింత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. పోయినేడాది దాకా మా ఊళ్లో జెర్సీలు ఎవరి బాబాయి కొనిపెడితే వాడే ఫార్వర్డ్. గోదావరి లంకలోంచి పంటు (రేవు దాటించే పడవ) మీద వచ్చి ఆడే కుర్రాడొకడున్నాడు. ఎవరికీ చుట్టం కాదు, ఎప్పుడూ ఆట చివర్లోనే దింపేవారు. ఆ కాస్త సేపట్లో వాడు కొట్టిన షాట్లను ఆడిన నిమిషాలతో భాగించి చూపించాక ఎవరూ మారు మాట్లాడలేదు. ఇప్పుడు మొదటి ఏడుగురిలో వాడి పేరు లేని మ్యాచ్ లేదు. కంటికి మొహమాటాలుంటాయండి. అంకెకి అవి ఉండవు.

పాలకొల్లు స్టాపర్

తమ్ముడూ, నేనెప్పుడూ వెనకే ఆడినవాణ్ణి, కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. టాకిల్స్ తక్కువన్నావు. టాకిల్ ఎప్పుడు చేస్తాం? అవతలివాడు బంతి తీసుకుని మన మీదకి వచ్చేశాక. నువ్వు ముందే సరైన చోట నిలబడితే వాడికి పాస్ ఇవ్వడానికే వాళ్లవాళ్లు జంకుతారు. అక్కడ బంతీ ఉండదు, టాకిలూ ఉండదు, నీ షీటులో సున్నా పడుతుంది. ఆ సున్నా వెనక ఎంత పని జరిగిందో చూశావా?

నెదర్లాండ్స్ డిఫెండర్ యాప్ స్టామ్ సంగతి గుర్తు చేస్తాను. 1999లో మాంచెస్టర్ యునైటెడ్ లీగ్, ఎఫ్ఏ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ ఒకే సీజన్‌లో గెలిచినప్పుడు డిఫెన్స్‌కి మూలస్తంభం అతనే. 2001లో ఆ క్లబ్ మేనేజర్ ఫెర్గూసన్ అతన్ని ఇటలీ క్లబ్ లాజియోకి అమ్మేశాడు. టాకిల్స్ తగ్గాయన్న లెక్క కూడా ఒక కారణమని తర్వాత చాలామంది రాశారు. గాయం తర్వాత వేగం తగ్గిందనుకున్నానని ఫెర్గూసన్ అన్నాడు. కారణం ఏదైనా, అమ్మడం పొరపాటని ఆయనే ఒప్పుకున్నాడు. 2005లో స్టామ్ మిలాన్ తరఫున ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు. మీ కెప్టెన్ మాట వినిపించుకో. పక్కనే ఆడేవాడికి తెలిసినంత గట్టు మీద కూర్చున్నవాడికి తెలియదు.

డ్రిల్లు మాస్టారు, కొత్తపేట

బాబూ, నీ శ్రద్ధ మెచ్చుకోదగ్గది. స్కూల్లో నా దగ్గర ఆడే పిల్లల్లో ఒక్కడికీ రాసుకునే అలవాటు లేదు. అయినా ఒక మాట వినాలి.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్. మన కోచ్ హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో స్టాపర్ (వెనక మధ్యలో అడ్డు నిలిచేవాడు) జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ గారు అతణ్ణి ఇంటికి పంపలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. జర్నైల్ సింగ్ సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీదా కొట్టాడు. గ్రూపు మ్యాచ్‌లో 0-2తో మనల్ని ఓడించిన అదే కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చుకున్నాం. స్టాపర్‌ను ముందుకి పంపమని ఏ షీటు చెబుతుంది?

నువ్వు ఒక పని చెయ్యి. వచ్చే మ్యాచ్‌లో ఒక సగమంతా బంతిని వదిలేసి ఆ కుర్రాణ్ణే చూడు. బంతి తన వైపు రాకముందే తల తిప్పి వెనకెవడున్నాడో చూసుకుంటున్నాడా? మీ కెప్టెన్ పైకి పరుగెత్తగానే వీడు రెండడుగులు లోపలికి జరిగి ఆ ఖాళీ మూస్తున్నాడా? అవతలి వింగర్ (అంచు వెంట ముందుకొచ్చేవాడు) వీడి ముందుకొచ్చి బంతిని వెనక్కి తిప్పి ఇచ్చేస్తున్నాడా, లేక పక్కనుంచి దూసుకెళ్తున్నాడా? మడమల మీద నిలబడ్డాడా, మునివేళ్ల మీదా? ఇవి చూసి, అప్పుడు తీసెయ్యాలంటే తీసెయ్యి.

లెక్కల కుర్రోడు, అమలాపురం

మాస్టారూ, చూస్తానండి. కానీ జర్నైల్ సింగ్ కథలో నాకో అభ్యంతరం ఉంది. ఆ నిర్ణయం ఫలించింది కాబట్టి 60 ఏళ్లు దాటినా చెప్పుకుంటున్నాం. కోచ్ మనసుకి తోచి ఆటగాళ్ల స్థానాలు మార్చి ఓడిన మ్యాచ్‌లు ఎన్నో ఉంటాయి, వాటినెవరూ చెప్పుకోరు. రహీమ్ గారంతటి వారి కన్ను వేరు. ఊరి టీముల్లో కన్ను పేరు చెప్పి జరిగేది వేరు.

లెక్కలు చూసి బాగుపడ్డవాళ్లూ ఉన్నారు. లండన్ క్లబ్ బ్రెంట్‌ఫర్డ్ 2020లో తన స్ట్రైకర్ వాట్కిన్స్‌ని ఆస్టన్ విల్లాకి అమ్మేసి, మూడో డివిజన్‌లో ఆడిన పీటర్‌బరో నుంచి ఐవన్ టోనీని తెచ్చుకుంది. ఆ సీజన్ లీగ్‌లో టోనీ 31 గోల్స్ కొట్టాడు, 74 ఏళ్ల తర్వాత ఆ క్లబ్ పై డివిజన్‌కి చేరింది. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ కాంటేని చూడండి. 2015లో ఫ్రాన్స్‌లోని కాన్ నుంచి లెస్టర్‌కి వచ్చినప్పుడు ఇంగ్లండ్‌లో ఎంతమందికి తెలుసు? ఆ సీజన్ ప్రీమియర్ లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువగా 175 టాకిల్స్ చేశాడు, లెస్టర్ ఛాంపియన్ అయింది. మరుసటి సీజన్‌కి చెల్సీకి వెళ్లాడు, చెల్సీ ఛాంపియన్ అయింది. టాకిల్స్ గడి పనికిరాదని ఎలా అంటాం?

పాలకొల్లు స్టాపర్

పనికిరాదనలేదు తమ్ముడూ. ఒకే గడి ఇద్దరికి రెండు మాటలు చెబుతుంది. లెస్టర్ ఆ ఏడాది బంతిని అవతలివాళ్లకే వదిలేసి ఆడేది. బంతి మన దగ్గర లేనప్పుడే కదా టాకిల్ అవసరం పడేది? పైగా కాంటే మధ్యలో ఆడతాడు, పని అంతా లాక్కోవడమే. చివర్లో నిలబడే బ్యాక్ టాకిల్‌కి దిగి తప్పితే వెనక గోలీ (గోల్‌కీపర్) ఒక్కడే. ఇద్దరినీ ఒకే వరసలో పెట్టి పెద్ద అంకె వచ్చినవాడు గొప్పవాడంటే ఒప్పుకోను. పాస్‌ల శాతం కూడా అంతే. పక్కవాడికి పక్కవాడికి తోస్తూ కూర్చుంటే నూటికి 95 వస్తాయి, గోల్ మాత్రం రాదు.

రొయ్యల చెరువు, భీమవరం

ఇద్దరూ గట్టిగానే మాట్లాడారు గానీ, అసలు చిక్కు ఇంకోచోట ఉందండి. మేము కౌంట్ చూడాలంటే చెరువులో విసురు వల వేసి, పడ్డ రొయ్యల్ని తూచి కేజీకి ఎన్నో లెక్క కడతాం. ఒక్క మూలే వల వేసి చెరువంతా ఇదే కౌంట్ అనుకుని మేత లెక్కేస్తే పంట చివర్లో ఏడవాల్సిందే. నీ షీటూ ఒకే మూల వేసిన వల. బంతి ఎక్కడుందో అక్కడే నీ కళ్లున్నాయి. 90 నిమిషాల మ్యాచ్‌లో ఒక ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా నీ షీటులో ఖాళీ. అందుకే పెద్ద లీగుల్లో స్టేడియం పైన కెమెరాలు పెట్టి 22 మంది ఎక్కడెక్కడ కదులుతున్నారో సెకనుకి చాలాసార్లు నమోదు చేస్తున్నారు. మనకి అవి లేవు, సరే.

మనకి వీలయ్యేది ఒకటుంది. వాడు గ్రౌండ్‌లో ఉన్న నిమిషాల్లో మీరు ఎన్ని గోల్స్ కొట్టారు, ఎన్ని తిన్నారు? వాడు బయటున్నప్పుడు ఎన్ని? సెవెన్స్‌లో మార్పులకి అడ్డు లేదు కాబట్టి రెండు రకాల నిమిషాలూ దొరుకుతాయి. కానీ జాగ్రత్త. ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ, రెండు అదృష్టపు గోల్స్‌తో ఆ లెక్క తలకిందులవుతుంది. బలహీనమైన టీము మీదే వాణ్ణి ఎక్కువసేపు ఆడించి ఉంటే అంకె మంచిదిగానే కనిపిస్తుంది. వాడూ కెప్టెనూ ఎప్పుడూ కలిసే దిగి కలిసే బయటికొస్తుంటే ఎవరి విలువ ఎంతో విడదీయలేవు. అందుకని గోల్స్‌తో పాటు మీ గోల్ మీదకి వచ్చిన షాట్లు కూడా రాయి. షాట్లు ఎక్కువ వస్తాయి కాబట్టి లెక్క తొందరగా కుదురుకుంటుంది.

గోలీ, రావులపాలెం

ఆయన చెప్పిన దానికి నాదొక చేర్పు. షాట్ ఎక్కణ్ణించి వచ్చిందో కూడా రాయాలి. పెనాల్టీలైతే నూటికి 75కి పైనే గోల్ అవుతాయి. మూల నుంచి, ఇరుకు కోణంలో కొట్టిన షాట్‌ని మేం చాలాసార్లు ఒంటి చేత్తో ఆపేస్తాం. రెండూ "షాట్" అని ఒకే గడిలో వేస్తే గోలీకీ అన్యాయం, బ్యాక్‌కీ అన్యాయం. నా ముందు మంచి బ్యాక్ ఉన్న రోజు నాకు వచ్చే షాట్లన్నీ దూరం నుంచో పక్క నుంచో వస్తాయి. జనం మాత్రం నన్నే పొగుడుతారు.

మాక్కూడా ఆ తంటా ఉంది లెండి. 2022 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్లో హైదరాబాద్ గోలీ కట్టిమణి షూటవుట్‌లో మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చాడు. ఆ సీజన్ అంటే అందరికీ ఆ టీము స్ట్రైకర్ ఒగ్బెచె కొట్టిన 18 గోల్సే గుర్తు.

తణుకు నుంచి, స్టాటిస్టిక్స్ చదువుతున్నాను

ఎక్కువ లెక్కపెట్టడం కన్నా సరిగ్గా భాగించడం ముఖ్యమని చెప్పడానికి ఈ ఆటలోనే పాత ఉదాహరణ ఉంది. చార్లెస్ రీప్ అని బ్రిటిష్ వైమానిక దళంలో అకౌంటెంట్. 1950లో స్విండన్ మ్యాచ్ చూస్తూ కాగితం మీద ప్రతి కదలికా గుర్తులు వేయడం మొదలుపెట్టి, ఆ తర్వాత ఏళ్ల తరబడి వేల మ్యాచ్‌లు అలాగే రాశాడు. అంతటి ఓపిక మనలో ఎవరికీ లేదు. ఆయన తేల్చింది ఏమిటంటే, నూటికి 80 గోల్స్ మూడు పాస్‌లూ అంతకు తక్కువతోనే వస్తున్నాయి కాబట్టి బంతిని పొడుగ్గా ముందుకి కొట్టెయ్యమని. ఇంగ్లండ్‌లో కొందరు కోచ్‌లు దాన్నే నమ్మి టీములు నడిపారు.

కానీ ఆయన రాసిన కదలికల్లోనే (బంతి చేజిక్కినప్పటి నుంచి పోయేదాకా ఒక కదలిక) నూటికి 90కి పైగా మూడు పాస్‌లూ అంతకు తక్కువతోనే ముగిసిపోయేవి. 90కి పైగా ఉన్నవాటి నుంచి 80 గోల్స్, పది కూడా లేనివాటి నుంచి 20 గోల్స్! ఏది మేలో అంకెలే చెబుతున్నాయి, కాకపోతే దేనితో భాగించాలో చూడలేదు. లెక్కల కుర్రోడు లంక కుర్రాడి షాట్లను నిమిషాలతో భాగించాడు చూడండి, అది నాకు చాలా నచ్చింది. అదే పద్ధతి బ్యాక్‌కీ పెట్టాలి. టాకిల్స్ ఎన్ని అని కాదు, తన వైపుకి వచ్చిన దాడులెన్ని, వాటిలో లోపలికి చొరబడ్డవెన్ని అని.

ఎడమకాలు, రాజమండ్రి

నేను అమ్మాయిల టీములో మిడ్‌ఫీల్డ్ ఆడాను. ఇందాకటి నుంచి చూస్తున్నాను, కన్ను గొప్పదంటున్న పెద్దలంతా మా మ్యాచ్‌లకి ఎప్పుడైనా వచ్చారా? మా సెలక్షన్స్‌లో చూసేవాళ్లకి గోల్ కొట్టిన పిల్ల పేరొక్కటే గుర్తుండేది. మధ్యలో బంతి తెగ్గొట్టి ఆమెకి అందించిన పిల్ల పేరు రాసినవాళ్లు లేరు, ఆ కాగితం లేక ఆమె ఇంటికెళ్లిపోయింది. మంచి కన్నున్న కోచ్ ప్రతి ఊరికీ దొరకడు. షీటు ఉంటే కనీసం "ఇదిగో చూడండి" అని అడగడానికి ఏదో ఒకటి ఉంటుంది. గడులు తప్పైతే గడులు మార్చండి, రాయడం మానమని మాత్రం ఆ కుర్రాడికి చెప్పకండి.

లెక్కల కుర్రోడు, అమలాపురం

అక్కా, మానను. తణుకు అన్నయ్య చెప్పినట్టు చేసి చూశాను. రెండు మ్యాచ్‌లకి పూర్తి వీడియో ఉంది, ప్రహరీ మీద ఫోన్ పెట్టి తీసింది. అవతలివాళ్లు మన సగంలోకి వచ్చిన ప్రతిసారీ ఎడమా, మధ్యా, కుడా అని గుర్తు పెట్టుకుంటూ పోయాను. ఎడమ వైపు నుంచి వచ్చినవి కుడి వైపు వాటిలో సగం కూడా లేవు. వచ్చినవాటిలోనూ చాలావరకు వెనక్కి తిరిగిపోయాయి. మాస్టారు చెప్పిన రెండడుగుల సంగతి కూడా కనిపించింది. కెప్టెన్ పైకి వెళ్లిన ప్రతిసారీ వాడు లోపలికి జరుగుతున్నాడు.

రొయ్యల చెరువు, భీమవరం

ఆగు బాబూ, అప్పుడే తేల్చెయ్యకు. ఆ ప్రహరీ ఉన్న గ్రౌండ్ నేననుకున్నదే అయితే నేనూ అక్కడ ఆడాను. పంట కాలువ పక్క వైపు పల్లం, ఎప్పుడూ తడిగా ఉండి బంతి దొర్లదు. ఎవడైనా రోడ్డు వైపు నుంచే వస్తాడు. మీ ఎడమ ఆ కాలువ వైపు పడితే, దాడులు తగ్గించింది మీవాడా, బురదా?

హాఫ్ టైమ్‌కి గోల్‌పోస్టులు మారతాయి కదా. ఒక సగంలో మీ ఎడమ కాలువ వైపు, రెండో సగంలో రోడ్డు వైపు. రెండూ విడివిడిగా లెక్కపెట్టు. రోడ్డు వైపు ఆడిన సగంలోనూ వాడి పక్కనుంచి రావడానికి జంకారంటే అది వాడి గొప్పే.

లెక్కల కుర్రోడు, అమలాపురం

అదే గ్రౌండండి. విడగొట్టాను. కాలువ వైపు సగంలో ఎడమ నుంచి దాదాపు ఏమీ రాలేదు, అది బురద ఖాతాలోకే పోనివ్వండి. రోడ్డు వైపు సగంలో ఒక మ్యాచ్‌లో కుడి కన్నా ఎడమ నుంచి బాగా తక్కువ, ఇంకో మ్యాచ్‌లో రెండూ సమానం. ఆ సమానంగా వచ్చినప్పుడు అవతలి వింగర్ యానాం కుర్రాడు, ఆ టోర్నీలో వాడిని ఆపినవాడు లేడు.

రెండు మ్యాచ్‌లతో ఏదీ తేలదని నాకూ తెలుసు. శుక్రవారం లోపు ఇంకో మ్యాచ్ ఉంది. అందులో మొదటి సగం వాణ్ణి ఆడించి రెండో సగం కూర్చోబెట్టమని కెప్టెన్‌ని అడిగాను, ససేమిరా అన్నాడు.

పాలకొల్లు స్టాపర్

ఒకే సగంలో మార్చండి. రోడ్డు వైపు ఆడే సగంలో మొదటి పది నిమిషాలు వాడు, తర్వాతి పది నిమిషాలు ఇంకొకడు. కెప్టెన్ రెండింటిలోనూ గ్రౌండ్‌లోనే ఉండాలి, అప్పుడు చెరువు గారన్న చిక్కు కూడా రాదు. ఆ వీడియో ఇక్కడ పెట్టు, నువ్వు దాడులు లెక్కపెట్టు, నేను వాడి కాళ్లు చూస్తాను. అవతలి టీము ఎవరో, వాళ్ల కుడి వింగర్ ఎలాంటివాడో మాత్రం ముందే రాయి.