పలాస జీడి ఫ్యాక్టరీ పెరగాలంటే ఉద్దానం రైతులకు అడ్వాన్సులు ఆపేయాలా?

కాశీబుగ్గ వాసి:
మాది కాశీబుగ్గలో తాతగారు పెట్టిన జీడి ఫ్యాక్టరీ. ఉద్దానంలో కొన్ని కుటుంబాలకు నాన్నగారు సంక్రాంతికి ముందే అడ్వాన్సు ఇస్తారు. వేసవిలో వాళ్లు జీడి పిక్కలు ఫ్యాక్టరీకి తోలాక లెక్క చూసుకుంటారు. వడ్డీ లేదు, కాగితం లేదు, ఆయన చిట్టా పుస్తకమే ఆధారం. ఎంబీఏ చేసి వచ్చిన తమ్ముడు ఇదంతా ఆపేద్దామంటున్నాడు. ఇక్కడి పిక్కలు ఏడాది పొడవునా చాలవు, ఎలాగూ ఆఫ్రికా సరుకు కొంటున్నాం, మొత్తం అదే కొని ఈ డబ్బు కటింగ్ మెషిన్ల మీద పెడదామని వాడి మాట. నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. నేను ఎవరి వైపు నిలబడాలి?

విజయనగరం బట్టల కొట్టు:
మీ తమ్ముడిదే సరైన మాట. మొహమాటం వ్యాపారాన్ని తినేస్తుంది. మా కొట్లో పెళ్లి బట్టలు అరువు పట్టుకెళ్లిన చుట్టాలు ఏళ్లు గడిచినా బాకీ తీర్చలేదు. గట్టిగా అడిగితే శుభకార్యాలకు పిలవడం మానేశారు. బ్యాంకు మాత్రం మా ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) మీద వడ్డీ ఒక్క నెల కూడా వదల్లేదు. ఊరికి మేలు చేయాలనుంటే గుడికి చందా ఇవ్వండి, బడికి బెంచీలు కొనండి. సరుకు కొనేచోట ధర, నాణ్యత తప్ప ఇంకేమీ చూడకండి.

మందస రైతు ఇంటి పిల్ల:
ఇద్దరూ ఫ్యాక్టరీ వైపు నుంచే మాట్లాడుతున్నారు. అడ్వాన్సు తీసుకున్న రోజే మా నోరు కట్టేసినట్టు. ధర ఎంతో ఆ రోజు చెప్పరు. పిక్కలు తోలాక తేమ ఉందనో, గింజ చిన్నదనో తగ్గిస్తారు. వేరేవాళ్లకు అమ్ముకుందామంటే బాకీ ఉంది. 80 కిలోల బస్తాకు 16,000 రూపాయలు ఇవ్వాలని 2023లో ఉద్దానం రైతులు రోడ్డెక్కితే మా నాన్న వెళ్లలేదు. అన్న పెళ్లికి సాయం చేసిన షావుకారి మీద నినాదాలు ఎలా చేస్తానన్నారు. ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే, పొట్టు తీసే ఆడవాళ్ల సంగతీ ఇంతే. కిలోల లెక్కన కూలి. పెంకులోని జీడి నూనె తగిలి చేతులు పొక్కుతాయి. పీఎఫ్ అడిగితే "మనలో మనకు అవన్నీ ఎందుకమ్మా" అంటారు.

రాజాం మాస్టారు:
అమ్మా, నువ్వు చెప్పినదానితోనే మొదలుపెడతాను. ఇక్కడ తప్పు బంధానిది కాదు, ఆ బంధానికి కాగితం లేకపోవడానిది. కాగితం లేనప్పుడు ఎవరి చెయ్యి పైనుంటే వాళ్ల మాటే లెక్క అవుతుంది.

బట్టల కొట్టు వారూ, మీ నష్టం నిజమే. కానీ మీరు అరువిచ్చింది సరుకు కొన్నవాళ్లకు, వీళ్లిచ్చేది సరుకు పండించేవాళ్లకు. జీడి తోట ఏడాదికి ఒక్కసారే డబ్బిస్తుంది. పూత వేళకు చేతిలో పైసా లేకపోతే రైతు జీడి పూతను పాడుచేసే తేయాకు దోమ అనే పురుగుకు మందు కొట్టలేడు, పంటే పోతుంది. ఆ లోటును వీళ్ల నాన్నగారు పూడుస్తున్నారు. దానికి బదులు ఆయనకు దక్కేది కూడా చిన్నది కాదు. ఎవరి తోట పిక్క గట్టిది, ఎవరు బాగా ఎండబెట్టి తోలుతారు అన్నది ఆయనకు తెలుసు. ఆఫ్రికా సరుకైతే డాలరు రేటుకు, అక్కడి ప్రభుత్వాల ఎగుమతి నిబంధనలకు తలొగ్గాలి. ఆ దారి ఎప్పుడైనా మూసుకుపోతే ఇక్కడ పిక్కలిచ్చేది ఎవరు?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. జీడి, కొబ్బరి తోటలు వేళ్లతో సహా కూలిపోయాయి. జీడి మొక్క మళ్లీ నాటితే కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు. ఆ కష్టంలో బాకీకి పట్టుబట్టినవాళ్లెవరో, ఆగినవాళ్లెవరో ఉద్దానం మర్చిపోలేదు. కాశీబుగ్గ బాబూ, మీ తమ్ముడి లెక్కల్లో ఈ నమ్మకానికి ఒక గడి ఉందా?

మా రాజాంలో సరుకుల వ్యాపారం చేసే ఇంట పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారు, అదే జీఎంఆర్ గ్రూపు పెట్టినాయన, జనపనార మిల్లుతో మొదలుపెట్టి విమానాశ్రయాల దాకా వెళ్లారు. 1997లో ఇక్కడే ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. నాకు అంతకంటే పెద్ద విషయంగా కనిపించేది వాళ్లు రాసుకున్న కుటుంబ రాజ్యాంగం. సొంత కొడుకులతోనే రాతపూర్వకంగా నియమాలు పెట్టుకోవడం అవమానం కానప్పుడు, రైతుతో, పనివాళ్లతో రాసుకుంటే బంధం తెగుతుందా? అడ్వాన్సు ఎంత, తేమ ఎవరు కొలుస్తారు, తుపాను వస్తే గడువు ఎంత పెంచుతారు, మిగిలిన సరుకు వేరేచోట అమ్ముకోవచ్చా, ఇవన్నీ తెలుగులో ఒక పేజీలో రాయండి. ఒక ప్రతి రైతు ఇంట్లో ఉండాలి. పీఎఫ్ సంగతి వేరు. అది వర్తించే ఫ్యాక్టరీలో చట్టం ఇచ్చిన హక్కు, షావుకారి దయ కాదు.

విజయనగరం బట్టల కొట్టు:
రాసుకుంటే నాకూ అభ్యంతరం లేదు మాస్టారూ. కానీ సంతకం పెట్టినవాడు సరుకు ఇంకొకరికి తోలేస్తే? నోటీసు పంపిన మర్నాడే ఊరంతా షావుకారిని ఆడిపోసుకుంటుంది.

కాశీబుగ్గ వాసి:
ఆ భయం నాన్నగారికీ ఉంది. మాస్టారు రాసింది చదివి వినిపించాను. కాగితం అడిగితే వాళ్లను నమ్మనట్టు అవుతుందేమోనని వెనకాడుతున్నారు. తమ్ముడు మాత్రం రాతకోతలుంటే ఈ ఏడాదికి సగం అడ్వాన్సులు ఉంచడానికి ఒప్పుకున్నాడు.

మందస రైతు ఇంటి పిల్ల:
అన్నా, ముందు ఒక్కటి తేల్చండి. ఆ పేజీలో ఏ రోజు ధర రాస్తారు? పిక్కలు తోలిన రోజు పలాస ధర అని రాస్తే మా నాన్న సంతకం పెడతారు. అడ్వాన్సు ఇచ్చిన రోజు ధర అంటే నేనే పెట్టనివ్వను.